హస్తవాసి

"ఆ డాక్టరుగారి హస్తవాసి మంచిది" అనే మాట మన ఇళ్ళలో తరచు వింటూ ఉంటాం. మందు ఒకటే అయినా ఒకరి చేతిమీదుగా ఇస్తే గుణమిస్తుందనీ, మరొకరు ఇస్తే ఇవ్వదనీ మనవాళ్ళ నమ్మకం. ఇరవై ఏళ్ళుగా తెలుగు పాఠాలు చెప్పుకుంటున్న నాకు ఈ మాటకు అర్థం తెలుసుననే అనుకునేవాణ్ణి. తెలియదని ఎక్కడో ఆఫ్రికాలో ఉన్న ఒక కోతిపిల్ల నాకు చెప్పవలసి వచ్చింది!

మా అక్కయ్య కూతురు తిరుపతిలో పశువైద్యం చదువుతున్నది. నాలుగో ఏడు కాగానే, "మావయ్యా, సెలవుల్లో ఆఫ్రికా వెళ్ళి ప్లేస్‌మెంట్ చేస్తాను" అన్నది. ప్లేస్‌మెంట్ అనేసరికి ఉద్యోగమే వచ్చిందనుకుని మా అక్కయ్య దేవుడి ముందు కొబ్బరికాయ కొట్టేసింది. తీరా విచారిస్తే, జీతం మాట అటుంచి, మనమే ఎదురు డబ్బు కట్టాలిట! అక్కడి వన్యప్రాణి సంరక్షణ కేంద్రంలో నెలరోజులు డాక్టర్ల వెంట తిరిగి, స్వయంగా పని నేర్చుకోవడమన్నమాట. "ఆవుకీ గేదెకీ వైద్యం చెయ్యడానికి ఆఫ్రికా దాకా దేనికి?" అని మా బావగారు విసుక్కున్నారు.

అమ్మాయి తన ఫోనులో దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన ఒక ప్రకటన చూపించింది. తెల్లకోటు వేసుకున్న విద్యార్థిని ఒళ్ళో సింహపు పిల్ల, చేతిలో పాలసీసా. అందరం ముచ్చటపడ్డాం. మా వీధి చివర ఉండే రిటైరైన పశువైద్యులు ఒకరు ఆ సమయానికి మా ఇంటికి వచ్చారు. బొమ్మను కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూసి, "బాగానే ఉంది. దీని తల్లి ఏదమ్మా?" అన్నారు.

"అనాథ పిల్లట, డాక్టరుగారూ."

"ఏడాది పొడుగునా, వచ్చినవాళ్ళందరికీ ఒళ్ళో పట్టే ఈడు పిల్ల ఒకటి సిద్ధంగా ఉంటున్నదంటే, అన్ని తల్లులు ఎలా పోతున్నాయంటావు?"

ఎవరమూ మాట్లాడలేదు. అప్పుడాయన వివరించారు. దక్షిణాఫ్రికాలో కంచెలు వేసి సింహాలను పెంచే వ్యాపారం ఉన్నది. అలా బంధనంలో ఉన్న సింహాలు ఎనిమిది వేలదాకా ఉంటాయని అంచనా. తల్లి మళ్ళీ త్వరగా ఈనాలని, పుట్టిన కొద్దిరోజులకే పిల్లను వేరుచేస్తారు. డబ్బు కట్టిన వారికి అది ఆటవస్తువు. ఒళ్ళో పట్టనంత పెద్దదైనాక, ఆ కంచెలోపలే వేటగాడి తుపాకికి బలి కావడమూ కద్దు. ఆ దేశ ప్రభుత్వం నియమించిన నిపుణుల సంఘమే 2021లో ఈ పెంపకాన్ని మాన్పించాలని సిఫార్సు చేసింది. "అసలైన శరణాలయం పిల్లల్ని పుట్టించదు, అమ్మదు, చూడవచ్చినవాళ్ళ చేతికి ఇవ్వదు. ఈ మూడూ అడిగి తెలుసుకుని అప్పుడు డబ్బు కట్టండి మాస్టారూ" అని ఆయన లేచారు.

ఆ ప్రశ్నలన్నీ అడిగి చూసుకున్నాకనే అమ్మాయి మలావీ దేశం వెళ్ళింది. అది ఆఫ్రికా ఆగ్నేయ భాగంలో పెద్ద సరస్సు ఒడ్డున ఉన్న చిన్న దేశం. దాని రాజధాని లిలాంగ్వే నగరంలోనే వన్యప్రాణి కేంద్రం ఒకటి ఉన్నది. ఇళ్ళలో గొలుసులు కట్టి పెంచిన కోతులు, తీగ ఉచ్చుల్లో కాళ్ళు తెగిన జంతువులు అక్కడికి చేరుతూ ఉంటాయి. నయమైనవాటిలో వీలైనన్నిటిని తిరిగి అడవికి పంపడమే ధ్యేయం.

మొదటి వారం ఫోనులో అన్నీ ఫిర్యాదులే. "మావయ్యా, ఒక్క జంతువునూ ముట్టుకోనివ్వడంలేదు! పొద్దున్నుంచీ పెంటికలు తెచ్చి మైక్రోస్కోపులో పురుగుల గుడ్లు లెక్కపెట్టడమే పని. ఏది ఎంత తిన్నదో, ఎంత మిగిల్చిందో రాయాలి." రెండో వారానికి తనకే బోధపడింది. అడవి జంతువు తన జబ్బును దాచుకుంటుంది. నీరసం బయటపెడితే శత్రువు కంటపడుతుంది. అందుచేత నడకా, మేతా, పేడా చూసే జబ్బును చదవాలి.

మూడో వారంలో ఒక బబూన్‌ను పరీక్ష చేశారు. మన వంటింటి ఊదుగొట్టం వంటి పొడుగాటి గొట్టంతో డాక్టరు మత్తుసూది ఊదారు. అది నిద్రపోయాక అమ్మాయికి అప్పగించిన పని శ్వాస, నాడి, జ్వరం చూసి, ఎప్పటికప్పుడు పైకి చెప్పడం. "దాని గుండె నా చేతికింద కొట్టుకుంటూంటే నా గుండె ఆగినట్టయింది" అన్నది. క్షయ ఉన్నదేమో తెలుసుకోవడానికి పైరెప్పలో సూదిమందు వేశారు. రెప్పలోనే ఎందుకంటే, మూడురోజులపాటు వాపు వచ్చిందా లేదా అని కంచె బయటినుంచే చూడవచ్చు. మళ్ళీ పట్టుకుని హడలగొట్టనక్కరలేదు. మనుషుల ఇళ్ళలో పెరిగిన కోతికి మనుషుల క్షయ అంటవచ్చు. దానినుంచి మందకంతటికీ అంటవచ్చు.

అప్పుడే వచ్చింది ఆ కోతిపిల్ల. నల్లమొహం, బూడిదరంగు ఒళ్ళు, వెర్వెట్ అంటారుట. దానికి పాలుపట్టే ఆయాకు జలుబు చేయడంతో, మాస్కు వేసుకుని నాలుగురోజులు ఆ పని మా అమ్మాయి చేసింది. పిల్ల ఆమె చొక్కా చెయ్యి పట్టుకుంటే వదిలేది కాదుట. ఫోను నిండా దాని కబుర్లే!

తరవాత దాన్ని ఒక పెద్ద ఆడకోతి పక్క గదిలో, మధ్య వల అడ్డుపెట్టి ఉంచారు. ఈ జాతిలో ఆడవి పరాయి పిల్లలనూ ఎత్తుకుంటాయి. కొన్నాళ్ళకు అడ్డు తీశారు. ఆడకోతి పిల్లను పొట్టకు అదుముకుంది. మర్నాడు మా అమ్మాయి కంచె దగ్గరికి వెళితే, పిల్ల ఆమెవైపు తిరిగి అయినా చూడలేదు.

"చిన్నబుచ్చుకున్నావా తల్లీ?" అన్నాను.

"ఏడ్చాను మావయ్యా. మా డాక్టరు నాచేతికి పుస్తకం ఇచ్చి రాయమన్నారు: 'పిల్ల మనిషిని పట్టించుకోలేదు. బాగున్నది.' రాశాను."

అమ్మాయి తిరిగివచ్చాక, ఒకనాడు పక్కింటి గేదె మేత మానేసింది. ఆ ఇంటాయన పిలిస్తే వెళ్ళి, పాక గుంజకు ఆనుకుని పది నిమిషాలు కదలకుండా నిలబడింది.

"నిలబడ్డావేమమ్మా? చెయ్యి వేసి చూడు, నీ హస్తవాసి ఎలాంటిదో!" అన్నాడాయన.

"చూస్తున్నాను బాబాయ్" అన్నది మా అమ్మాయి, చేతులు కట్టుకునే.