"సౌండ్ రాలేదన్నా!"

మొన్న శనివారం రాత్రి మా అపార్ట్‌మెంట్ కింద కిరాణా షాపులో 340 రూపాయల సరుకులు కొన్నా. స్కాన్ చేశా, పిన్ కొట్టా, ఫోన్‌లో గ్రీన్ టిక్ వచ్చేసింది. సంచి పట్టుకుని కదలబోతుంటే కౌంటర్ దగ్గర కుర్రాడు ఆపాడు.

"సౌండ్ రాలేదన్నా."

స్క్రీన్ చూపించా. అయినా "కొంచెం ఆగన్నా" అన్నాడు. వెనక నలుగురు నిలబడి ఉన్నారు. నాకు చిర్రెత్తుకొచ్చింది. "నేనేమన్నా దొంగలా కనిపిస్తున్నానా తమ్ముడూ?" అని కాస్త గట్టిగానే అనేశా. అర నిమిషం తర్వాత డబ్బా అరిచింది. "సారీ అన్నా" అన్నాడతను. సారీ చెప్పాల్సింది నేనని తర్వాతి రోజు పాలకి వెళ్లినప్పుడు తెలిసింది.

అంతకుముందు నెలలో ఇద్దరు బైక్ మీద వచ్చి 1,850 రూపాయల సామాను తీసుకున్నారట. సౌండ్‌బాక్స్‌కి చార్జింగ్ లేదు. వాళ్లు టిక్ చూపించారు, ఇతను నమ్మాడు. డబ్బు మాత్రం రాలేదు. ఆ 1,850 ఇతని జీతంలోంచి కోసేశారు.

నేను రోజూ యాప్ స్క్రీన్లు తయారు చేసే పనిలోనే ఉన్నా. కాబట్టి ధైర్యంగా చెప్పగలను: ఎదుటివాళ్ల ఫోన్‌లో కనిపించే గ్రీన్ టిక్ ఒట్టి బొమ్మ. అచ్చం పేమెంట్ యాప్‌లా కనిపించే నకిలీ యాప్‌లు ఉన్నాయి. షాపు పేరు, అమౌంట్, టైమ్, చివరికి "టింగ్" అనే చప్పుడుతో సహా అన్నీ చూపిస్తాయి. బ్యాంకుకి మాత్రం ఏమీ వెళ్లదు. సౌండ్‌బాక్స్ అలా కాదు. దానిలో సొంత సిమ్ ఉంటుంది. డబ్బు జమైనట్టు కంపెనీ సర్వర్ చెప్తేనే అది నోరు విప్పుతుంది. కస్టమర్ ఫోన్‌తో దానికి సంబంధమే లేదు.

మరి చార్జింగ్ అయిపోతే? చాలా మర్చంట్ యాప్‌లలో స్టాఫ్ నంబర్‌ని కలుపుకునే ఆప్షన్ ఉంది. కానీ చాలా షాపుల్లో ఆ యాప్ ఓనర్ జేబులోనే ఉంటుంది, ఆయన ఇంట్లో ఉంటాడు. డబ్బు వచ్చిందో లేదో చూసే దారి కుర్రాడికి ఇవ్వకుండా, రాకపోతే కట్టమనడం ఏం న్యాయం?

అసలు చట్టమూ అలా ఒప్పుకోదు. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం, ఉద్యోగి నిర్లక్ష్యం వల్ల నష్టం జరిగితేనే జీతంలో కోత పెట్టాలి. అదీ అతను చెప్పేది విన్నాకే. ఇక్కడ ఎవరూ ఏమీ అడగలేదు. ఒకటో తారీఖున చేతికి తక్కువొచ్చింది, అంతే.

ఇంకో మోసంలో దెబ్బ తినేది మనం కూడా. 2025 జనవరిలో మధ్యప్రదేశ్‌లోని ఖజురహోలో రాత్రికి రాత్రి కొన్ని షాపులు, ఒక పెట్రోల్ బంకు క్యూఆర్ కోడ్‌ల మీద దొంగలు తమ స్టిక్కర్లు అంటించి పోయారు. కస్టమర్లు నిజంగానే డబ్బు కట్టారు, అది ఇంకెవరి ఖాతాకో వెళ్లింది. స్కాన్ చేస్తే వేరే పేరు రావడంతో ఒక మెడికల్ షాపులో విషయం బయటపడింది. పిన్ కొట్టే ముందు పేరు చూడటానికి రెండు సెకన్లు చాలు. షాపు వాళ్లు కూడా పొద్దున షట్టర్ తీయగానే తమ క్యూఆర్‌ని ఒకసారి స్కాన్ చేసి చూసుకుంటే మంచిది.

ఫిర్యాదు విషయంలో చాలామంది పొరబడుతున్నారు. స్టిక్కర్ మార్చిన కేసులో డబ్బు నిజంగా కదిలింది కాబట్టి వెంటనే 1930కి ఫోన్ చేస్తే ఆ ఖాతాను ఆపే అవకాశం ఉంటుంది. నకిలీ టిక్ కేసులో ఆపడానికి డబ్బే లేదు. అది మామూలు చీటింగ్. సీసీ కెమెరా ఫుటేజ్ చెరిగిపోకముందే కాపీ చేసుకుని దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కి వెళ్లాలి.

నిజంగానే డబ్బు కట్ అయి షాపుకి చేరకపోతే గొడవ పడక్కర్లేదు. రిజర్వ్ బ్యాంక్ నిబంధన ప్రకారం అలా ఇరుక్కున్న డబ్బు ఐదు రోజుల్లోపు వెనక్కి రావాలి, ఆలస్యమైతే రోజుకి 100 రూపాయల పరిహారం. 12 అంకెల యూటీఆర్ నంబర్ రాసిచ్చి, అప్పటికి క్యాష్ ఇచ్చేయండి.

ఇక పారిపోతున్నవాళ్ల వెంటపడటం గురించి ఒక్క మాట. "ఈసారి వస్తే పట్టుకుంటానన్నా" అన్నాడు కుర్రాడు. వద్దన్నా. 2025 ఆగస్టులో హైదరాబాద్ చందానగర్‌లో నగల షాపు తెరిచిన కాసేపటికే దొంగలు చొరబడ్డారు, లాకర్ తాళాలు ఇవ్వనందుకు అక్కడి ఉద్యోగిపై కాల్పులు జరిపారు. ఎవరి దగ్గర ఏముందో మనకి తెలీదు. బండి నంబర్ గుర్తు పెట్టుకుని 112కి కొట్టు, చాలు అని చెప్పా.

నిన్న ఓనర్ కనిపిస్తే సౌండ్‌బాక్స్‌కి ఇంకో చార్జర్ పెట్టమన్నా, కుర్రాడి నంబర్‌ని యాప్‌లో కలిపి చూపించా. పనిలో పనిగా ఆ 1,850 సంగతి కూడా అడిగా.

"చూద్దాం సార్" అన్నాడు. ఒకటో తారీఖుకి ఇంకా వారం ఉంది.