బొంత కుట్టుటకొక చోటు

రాయచోటి ప్రాంతపు పల్లెలలో మధ్యాహ్న భోజనములు ముగిసి, పాత్రలు తోమి బోర్లించిన పిమ్మట, పశువులు ఇల్లు చేరువరకు స్త్రీలకు కొంత తీరిక దొరకును. ఆ తీరికలో వారు చేయు పనులలో బొంత కుట్టుట యొకటి. దానిని పని యనవలెనో, వినోదమనవలెనో చెప్పుట కష్టము. కూలి లెక్కలలో అది చేరదు. పంచాయతీ తీర్మానముల పుస్తకములలో దాని ప్రస్తావన మాకు అంతవరకెన్నడును కనుపింపలేదు. ఇటీవల రాయచోటికి పదిహేను కిలోమీటర్ల దూరమున నున్న ఒక గ్రామమునకు పోయినపుడు తొలిసారిగా కనుపించినది. ఆ సంగతి పంచాయతీ సభ్యులకు ఉపయోగపడునని తలచి ఇచ్చట వివరించుచున్నాము.

బొంత యెట్లుండునో మన పాఠకులకు చెప్పనక్కరలేదు. దానిపై పండుకొననివారు మనలో అరుదు. అయినను దానిని కుట్టు విధమును మగవారు శ్రద్ధగా చూచి యుండరు. అడుగున ఒక పాత చీర పరతురు. దానిపై చినిగిన పంచెలు, లుంగీలు, రవికగుడ్డలు ముడుతలు లేకుండ పేర్తురు. పైన మరియొక చీర కప్పి, గాలికి లేవకుండ నాలుగు మూలల రాళ్లు పెట్టుదురు. నలుగురు నాలుగు ప్రక్కల కూర్చుండి, వ్రేలెడు వెడమున వరుస వెంట వరుసగా సాదా కుట్టు కుట్టుచు, అంచుల నుండి నడుమకు వత్తురు. ఒక్కరే కుట్టినచో నెలకు పైబడి పట్టును. పొరలు జరిగి గుడ్డ ఉబ్బును కూడ. నలుగురు చేరిన వారము, పది దినములలో ముగియును. నేడు మీ యింటి బొంత, తరువాత మా యింటి బొంత యని బదులు పెట్టుకొందురు. కూలి మాట లేదు.

గుడ్డ నూలుదై యుండవలెను. ఎన్నియో యేండ్లు ఉతికిన నూలు చీర మెత్తబడి చెమట పీల్చును. అందుచేతనే పసిబిడ్డలకు పాత చీరల బొంతలు పరతురు. నేడు ఇండ్లలో నూలు చీరలు తగ్గి పాలిస్టరు చీరలు పెరిగినవి. అవి చిరుగవు, వెలియవు, నిజమే. కాని చెమట పీల్చవు, నిప్పురవ్వ పడినచో కరగి ఒంటికి అంటుకొనును. పొయ్యి దగ్గర, బాలింత గదిలో అట్టి బొంత వాడరాదు.

మేము చూచిన గ్రామమున ఈ పనికి పెద్దదిక్కుగా నున్న ఆమెకు అరువది యేండ్లు దాటినవి. ఊరివారందరును ఆమెను అవ్వ యనియే పిలుతురు. పేరు అచ్చు వేయవలదని ఆమె కోరినది. ఒక యేడాదిలో ఆమె రెండు బొంతలు ముగించి మూడవదానిని పరచినది. మొదటిది మునిమనుమనికి. రెండవది కొడుకునకు. ఈ ప్రాంతము నుండి గల్ఫు దేశములకు పనులకై పోయినవారు పెక్కుమంది కలరు. ఆమె కొడుకు కువైటులో కారు నడుపును. అచ్చటి ఎండ మన ఎండను మించినదే యైనను, అతడు పండుకొను గదిలో శీతల యంత్రము రాత్రియంతయు తిరుగునట. ఆపుదమన్న తోడివారు ఒప్పరట. విమానమున సామాను తూకమునకు హద్దు కలదు గనుక, అవ్వ బొంతను కిరాణా కొట్టు తక్కెడలో తూచి, రెండు కిలోలు దాటుట చూచి, వారము దినముల కుట్టును విప్పి నడిమి పొరను తీసివేసెను. తిరిగి కుట్టుటకు మరియొక వారము పట్టినది.

కోడలికి ఈ బొంతలపై అంత మక్కువ లేదు. పెండ్లి కానుకలుగా వచ్చిన మెత్తని కంబళ్లు పెట్టె నిండ ఉండగా, చుట్టములు వచ్చినపుడు బొంత పరచుట ఆమెకు చిన్నతనముగా తోచును. బొంత పేదతనపు గుర్తని తలచువారు ఆమె యొక్కతెయే కాదు. మనుమరాలు మాత్రము ఉదయమున కళాశాలకు పోవుటకు ముందు పది సూదులకు దారమెక్కించి గోడనున్న గుడ్డకు గ్రుచ్చి పోవును. చూపు మందగించిన అవ్వకు ఆ పది సూదులును సాయంకాలము వరకు సరిపోవును.

అవ్వతో కూర్చుండువారు ముగ్గురు. ఒకామె ముస్లిము దర్జీ భార్య. కొట్టులో మిగిలిన నూలుగుడ్డ ముక్కలన్నియు ఆమె చెంగున వచ్చును. ఒకామె తండా నుండి వచ్చు సుగాలి స్త్రీ. అతుకుల అంచు ఆమె కుట్టినట్లు వేరొకరు కుట్టలేరని తక్కిన మువ్వురును ఒప్పుకొందురు. మూడవయామె మాటలాడునంత కుట్టదని మాకు తోచినది. అక్కా, వదినా యని పిలుచుకొనుచు, ఒకరి యింటి జ్వరము, ఒకరి యింటి అప్పు, ఒకరి కొడుకు జాబు రాకపోవుట, అన్నియు అచ్చటనే చెప్పుకొందురు. దర్జీ భార్యకు జబ్బు చేసి మంచము పట్టినపుడు ఆమె యింట పదునైదు దినములు వంట చేసినవారు ఈ బొంత దగ్గరివారే.

వీరు మొదట ఒక వేపచెట్టు క్రింద కూర్చుండెడివారు. సిమెంటు రోడ్డు వేయునపుడు చెట్టు పోయినది. గుడి అరుగుపై ఎండ. ఇండ్లలో బొంత పరచునంత చోటు లేదు. రెండు నెలలు పని నిలిచిపోయినది. అప్పుడు వారు పంచాయతీ కార్యాలయపు వసారా అడిగిరి. సమావేశమున ఒక సభ్యుడు, చింపిగుడ్డల పనికి ప్రభుత్వ కట్టడమేల యని ప్రశ్నించెను. మన రాష్ట్రమున పంచాయతీ స్థానములలో సగము స్త్రీలకు కేటాయింపబడినవి గదా, ఆ సభలోని ఒక వార్డు సభ్యురాలు లేచి, “మగోళ్లు పులిజూదం ఆడేదానికి రచ్చకట్ట ఉండాది. దానికి ఎవరన్నా తీర్మానం చేసినారా?” అని అడిగెను. కొంతసేపు ఎవరును మాటలాడలేదట.

చింపిగుడ్డల పని యను మాట మరియొకచోట కూడ వినబడినదే. అమెరికాలోని అలబామా రాష్ట్రమున, ఒక నది వంపులో జీస్ బెండ్ అను పల్లె కలదు. ప్రత్తిచేలలో బానిసలుగా పనిచేసినవారి సంతతి అచ్చట నివసించును. అచ్చటి స్త్రీలు చినిగిన పనిబట్టలతో తరతరములుగా బొంతలు కుట్టిరి. వోటర్లుగా నమోదు చేసికొన్నందుకు ఆ జిల్లాలో కొన్ని నల్లవారి కుటుంబములు భూస్వాముల నేలపై నున్న ఇండ్లను కోల్పోయెను. 1966లో ఆ ప్రాంతపు స్త్రీలు బొంత కుట్టు సహకార సంఘమును స్థాపించిరి; నేల కొని, 1969లో స్వంత కుట్టుశాల కట్టుకొనిరి; ఇండ్లు పోయినవారికి ఆ నేలలోనే స్థలములిచ్చిరి. 2002లో జీస్ బెండ్ బొంతలను హ్యూస్టన్ నగరపు కళాప్రదర్శనశాలలో గోడలకు వ్రేలాడదీసిరి. 2006లో ఆ దేశపు తపాలా శాఖ వానిని బిళ్లలపై ముద్రించెను. అయితే ఒక సంగతి మరువరాదు. దుకాణములకు సరకు పంపవలసి వచ్చినపుడు అన్నియు ఒకే కొలతలో, ఒకే తీరున కుట్టవలసి వచ్చెను. మనసునకు తోచినట్లు కుట్టినవి ఇంటి మంచములపైననే మిగిలెను.

మన గ్రామమునను ఈ చిక్కు కొంచెము తలయెత్తినది. పొదుపు సంఘము ద్వారా బొంతలు అమ్మవచ్చునని సుగాలి స్త్రీ తలంపు. ఆమెకు డబ్బు అవసరము, అది న్యాయమైన కోరిక. అవ్వ అమ్మదు. అమ్ముటకు వేరుగా, ఇంటికి వేరుగా కుట్టుదమని ప్రస్తుతమునకు ఒప్పందము. బదులు కుట్టునకు కూలి కట్టవలసిన దినము వచ్చినపుడు ఏమగునో వారికే తెలియవలెను. ఇందు పంచాయతీ జోక్యము చేసికొనకుండుటయే మేలని మా అభిప్రాయము.

తీర్మానమున రెండు అంశములున్నవి. సమావేశములు లేని దినములలో రెండు గంటల నుండి అయిదు గంటల వరకు వసారా, ముందు గది వారికి వదలవలెను. రికార్డుల గది తాళము కార్యదర్శి వద్దనే యుండును, ముందు గది తాళపుచెవి వార్డు సభ్యురాలి వద్ద. ఊడ్చు పని కుట్టువారిదే. ఇందు పంచాయతీకి అయిన ఖర్చు ఒక దీపము, ఒక పంకా.

రెండవది ఉతుకుడు. నీటిలో తడిసిన బొంతను ఒక మనిషి ఎత్తలేదు, పిండలేదు. మన మెట్ట ప్రాంతమున వానలు తప్పిన యేడు చెరువులో నీరుండదు, బొంతలు ఉతుకక నిలిచిపోవును. ఇంటిలో ఒకరికి గజ్జి సోకినచో పరుపు బట్టల ద్వారా కూడ తక్కినవారికి వ్యాపింపవచ్చును. అందరును ఒకేసారి వైద్యము చేయించుకొని, అదే దినమున బట్టలు వేడినీట ఉతికి ఎండవేయవలెను. బొంతను వెంటనే ఉతుకుటకు వీలులేనిచో సంచిలో మూటగట్టి వారము దినములు ఎవరును తాకకుండ ఉంచవలెను. గజ్జి పురుగు మనిషి ఒంటిని విడిచి సాధారణముగా రెండు మూడు దినములకు మించి బ్రతుకదు. ఈ గ్రామమున బోరు వద్ద రెండు బండలు పరపించి, మురుగు నీరు పోవుటకు కాలువ తీసి, పిండుటకు ఒక ఇనుప కడ్డీ నాటించిరి. బొంతను కడ్డీకి చుట్టి ఇద్దరు మెలిపెట్టుదురు.

మేము పోయిన దినమున వసారాలో అవ్వ మూడవ బొంత పరచి యుండెను. రంగు చీరల నడుమ ఒక తెల్లగుడ్డ కనుపించుచుండెను. అదేమని అడిగితిమి. “మా ఆయన పంచె నాయనా. పోయినేడు పోయినాడు. నడిమధ్యన పెట్టినా,” అని చెప్పి ఆమె మరల సూది అందుకొనెను. నాలుగు ప్రక్కల నుండి కుట్టు వచ్చుచుండెను. అయిదు గంటలకు వార్డు సభ్యురాలు తాళపుచెవితో వచ్చునప్పటికి, పంచె అంచు చేరుటకు ఇంక జానెడు మాత్రమే మిగిలినది. సూదులను అంచున గ్రుచ్చి, రాళ్లు తీసి, నలుగురును నాలుగు చెరగులు పట్టి బొంతను మడిచిరి.