ఇంటినుండి ఇంటికి టెలివిజను

సాయంకాలపు వార్తలను పది ఇండ్లలో విన్నను, పదిలక్షల ఇండ్లలో విన్నను ప్రసారకేంద్రమునకు శ్రమ ఒక్కటే. ఒకసారి వెలువడిన తరంగమును పెట్టె గలవారందరు అందుకొందురు. పొరుగువారు రేడియో తెరచినంతమాత్రమున మన పెట్టెలో ధ్వని తగ్గదు. ఈ సౌకర్యము మనకెంత అలవాటైనదనగా, ఇదియొక విశేషమని కూడ తోచదు.

ఇంటర్నెట్టులో సామాన్యముగా ఈ సౌకర్యము లేదు. ప్రతి ప్రేక్షకునకు వేరువేరుగా ఒక ప్రతిని పంపవలెను. వేయిమంది చూడగోరినచో వేయి ప్రతులు కావలెను. కనుక ఆదరణ పెరిగినకొలది ఖర్చును పెరుగును. వేలకొలది విస్తళ్లు పరచి, వడ్డనకు ఒక్కనినే నిలిపిన విందు వంటిది ఇది.

ఈ చిక్కును విడదీయ పూనుకొన్నవారు స్వీడను దేశీయుడగు నిక్లాస్ జెన్‌స్ట్రోమ్, డెన్మార్కు దేశీయుడగు యానుస్ ఫ్రీస్. కజా అను ఫైళ్ల మార్పిడి సాధనమును, 2003లో స్కైప్ అను సంభాషణ సాధనమును వెలువరించినవారు వీరే. 2006లో ‘వెనిస్ ప్రాజెక్టు’ అను మారుపేరుతో పరీక్షలు జరిపి, 2007 జనవరిలో తమ టెలివిజను సేవకు ‘జూస్ట్’ అని పేరు పెట్టిరి. ఫిబ్రవరిలో వయాకామ్ సంస్థ తన కార్యక్రమములు ఇచ్చుటకు అంగీకరించినది.

ఆ పరీక్షా దినములలో అందరికిని ప్రవేశము లేదు; ఆహ్వానము దొరకవలెను. దొరికినవారు ఒక ప్రోగ్రామును కంప్యూటరులోనికి ఎక్కించుకొనవలెను. తెరచినంతనే బొమ్మ తెరనంతయు ఆక్రమించెడిది. మౌసు కదపినచో చానళ్ల పట్టిక అద్దముపై రాతవలె బొమ్మమీద తేలెడిది. ఒకే చానలు చూచువారు, చూచుచునే, ఒకరితోనొకరు వ్రాతపూర్వకముగా ముచ్చటించుకొన వీలుండెను. ఇష్టమైన వేళకు కార్యక్రమమును మొదటినుండి చూడవచ్చును. కార్యక్రమ పత్రిక చేతబట్టి గడియారము చూచుకొను మనవంటివారికి ఇది కొంత వింతయే! అయితే ప్రసార హక్కులనుబట్టి దేశదేశమునకు పట్టిక మారెడిది.

తెరవెనుక జరుగు పని మరింత ఆసక్తికరము. కార్యక్రమమును చిన్న ముక్కలుగా ఖండించెడివారు. దానిని చూచిన ప్రతి కంప్యూటరును ఆ ముక్కలలో కొన్నింటిని దాచుకొని, తరువాత కోరినవారికి పంపెడిది. ఊరిలో ఇల్లంటుకొన్నప్పుడు చెరువునుండి బిందెలు చేతులు మారి వచ్చుట మనమెరిగినదే. ఇచ్చట వరుస మాత్రము ఒక్కటి కాదు. ఒకే బొమ్మకు వలయు ముక్కలు ఏకకాలమున అనేక ఇండ్లనుండి వచ్చును. వానిని క్రమముగా పేర్చి, కొన్ని ముందుగా నిలువచేసికొన్న పిమ్మట బొమ్మ కదలును. ఎవరియొద్దను లేని ముక్కను కంపెనీ సర్వరే పంపవలెను. ఇండ్లకు వచ్చు తీగలలో పెక్కు దిగుమతికి వెడల్పు, ఎగుమతికి ఇరుకు. అందుచేత సర్వర్ల భారము తగ్గెనే గాని పోలేదు.

ఆ తగ్గిన భారము ఎచ్చటికి పోయినది? ప్రేక్షకుని ఇంటికే. కంపెనీ తెలిపిన లెక్క ప్రకారము గంటకు సుమారు 320 మెగాబైట్లు దిగుమతి, 105 మెగాబైట్లు ఎగుమతి. అనగా తాను పొందినదానిలో ఇంచుమించు మూడవవంతును ఇంటియజమాని తన ఖర్చుపై ఇతరులకు వడ్డించుచుండెను. రెండు వైపులను లెక్కించుచు నెలకు ఒక గిగాబైటు మాత్రమే అనుమతించు ఒప్పందము గలవారికి, రెండున్నర గంటలు నిండకమునుపే నెల పరిమితి తీరిపోవును. పంచుకొనుట దోషమని నేననను. కాని పంచుకొనుచున్నామన్న సంగతి ఇంటివారికి స్పష్టముగా తెలియవలెను గదా!

మన దేశమున 2004 నాటి విధానము సెకనుకు 256 కిలోబిట్ల వేగమునే బ్రాడ్‌బ్యాండు అని నిర్వచించినది. జూస్ట్ బొమ్మకు 700 కిలోబిట్లకు పైగా కావలెను. అట్టి కనీస వేగపు తీగపై, హైదరాబాదునందైనను విశాఖపట్టణమునందైనను, ఒక్క నిమిషపు బొమ్మ చేరుటకు దాదాపు మూడు నిమిషములు పట్టును.

బి.బి.సి. వారి ఐప్లేయరు సైతము 2007లో దిగుమతులకు ఇట్టి పద్ధతినే అనుసరించి, 2008 డిసెంబరులో విడిచినది. ఆనాటికి బ్రౌజరులోనే బొమ్మను చూపు యూట్యూబునకు జనము అలవాటుపడిరి. 2008 మార్చిలో అమెరికాలో హులు అందరికిని తెరువబడినది. వేరొక ప్రోగ్రామును ఎక్కించుకొను ఓపిక ఎవరికుండును? జూస్ట్ కూడ 2008 ముగియులోపల బ్రౌజరులోనికి మారినది. 2009 నవంబరులో దాని ఆస్తులను అడ్‌కానియన్ అను సంస్థ కొన్నది.

నేడు పెద్ద సంస్థలు వడ్డనను ప్రేక్షకులకు అప్పగించుటకు మారుగా, నగరముల చేరువనే సర్వర్లు నెలకొల్పి అచ్చటినుండి ప్రతులను పంపుచున్నవి. 2023 నవంబరు 19న అహమ్మదాబాదులో జరిగిన ప్రపంచకప్పు క్రికెట్టు తుదిపోటీని హాట్‌స్టారునందు ఒకే సమయమున 5.9 కోట్లమంది చూచిరి.