రిపోర్టు బాగున్నా బరువెక్కే కాలేయం



"ఎన్నో నెలమ్మా?" అని బస్సులో ఎవరో అడిగారట. అంబర్‌పేట నుండి మా ఓ.పి.కి వచ్చిన, నలభై దాటిన ఒక సోదరి ఈ మాట చెప్పి కంటతడి పెట్టుకుంది. పొట్ట నిండుగా ఉంది, చేతులూ చెంపలూ మాత్రం ఎండిపోయాయి. రెండు ముద్దలు తినగానే కడుపు నిండిపోతుంది. వెల్లకిలా పడుకుంటే ఆయాసం. స్కానింగులో కాలేయమంతా నీటి తిత్తులే. కానీ రక్తపరీక్ష చూస్తే కాలేయం మామూలుగానే పనిచేస్తోంది! "రిపోర్టు బాగుంది కదా, గ్యాస్ అయ్యుంటుంది" అని ఇంట్లోవాళ్లు ఇన్నాళ్లూ అనుకున్నారు.

దీనిని పాలిసిస్టిక్ లివర్ వ్యాధి అంటారు. మద్యం వలన వచ్చేది కాదు, అంటువ్యాధి అంతకన్నా కాదు. వంశపారంపర్యంగా వస్తుంది. తల్లిదండ్రులలో ఒకరికి ఉంటే ఒక్కొక్క బిడ్డకు వచ్చే అవకాశం సగానికి సగం. చాలామందికి మూత్రపిండాలలో కూడా తిత్తులుంటాయి. స్త్రీలలో ఇవి ఎక్కువగా పెరుగుతాయి, ఈస్ట్రోజన్ ఉన్న మాత్రలు వాడితే మరీను. కాబట్టి గర్భనిరోధక మాత్రలు మొదలుపెట్టే ముందే డాక్టరుగారికి ఈ జబ్బు సంగతి చెప్పాలి. మామూలు కాలేయం సుమారు కిలోన్నర తూగుతుంది. ఈ జబ్బులో పది కిలోలు దాటినవి కూడా ఉన్నాయి.

ఎక్కువమందికి ఏ చికిత్సా అవసరం రాదు. పెద్ద తిత్తులు ఒకటి రెండే ఉంటే సూదితో నీరు తీసి, మళ్లీ నిండకుండా మందు ఎక్కిస్తారు. పసరు మందులతో ఇవి కరగవు, దయచేసి ఆ దారి పట్టకండి. కాలేయమంతా తిత్తులై, తిండి పోక మనిషి చిక్కిపోతున్నప్పుడే కాలేయ మార్పిడి మాట వస్తుంది. మూత్రపిండాలు కూడా చెడితే రెండూ కలిపి మారుస్తారు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. చాలా దేశాలలో కాలేయం ముందు ఎవరికివ్వాలో మెల్డ్ అనే స్కోరుతో చూస్తారు. బిలిరుబిన్, క్రియాటినిన్, ఐ.ఎన్.ఆర్. వంటి రక్తపరీక్షలతో ఆ లెక్క కడతారు. ఈ రోగుల రక్తం బాగుంటుంది గనుక స్కోరు తక్కువ, వరుసలో వెనుకే మిగిలిపోతారు. అమెరికాలో ఇటువంటివారి కేసు విడిగా పరిశీలించి అదనపు పాయింట్లు ఇచ్చే పద్ధతి ఉంది. మన దగ్గర మరణించినవారి అవయవాల కేటాయింపు 2013లో మొదలైన జీవన్‌దాన్ ద్వారా జరుగుతుంది. మార్పిడి చేసే ఆసుపత్రివారే పేరు నమోదు చేయిస్తారు. ఖర్చుకు భయపడేవారు ఉస్మానియా ఆసుపత్రిలో విచారించవచ్చు, అక్కడ పేదలకు ఉచితంగా చేశారు.

బ్రతికున్నవారు కూడా కాలేయంలో కొంత భాగం ఇవ్వవచ్చు. మిగిలినది కొన్ని నెలల్లో పెరుగుతుంది. అయితే ఈ జబ్బులో రక్తసంబంధీకులు ముందు తామే స్కానింగు చేయించుకోవాలి. ఇక మరొక మాట. ఇంట్లో అందరూ కలిసి భార్య వైపే చూడటం మేము చాలాసార్లు చూశాము. ఇవ్వడం ఇష్టం లేకపోతే వద్దనే హక్కు ఆమెకుంది. దాతతో డాక్టర్లు ఒంటరిగా మాట్లాడేది అందుకే.

ఆ సోదరికి తమ్ముడు ఇస్తానని సంతోషంగా వచ్చాడు. స్కానింగులో అతనికీ తిత్తులు కనిపించాయి. ఇప్పుడు భర్తకు పరీక్షలు జరుగుతున్నాయి. ఈలోగా కొంచెం కొంచెంగా ఐదారుసార్లు తినమనీ, తలవైపు ఎత్తు పెట్టుకొని పడుకోమనీ చెప్పి పంపాము.