కృష్ణా తీర వనరుల సుస్థిర నిర్వహణ: గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల ముందున్న కర్తవ్యం

(ప్రత్యేక వ్యాసం)

తీర ప్రాంత నిర్వహణ అనగానే సముద్ర తీరమే స్ఫురించడం సహజం. 2014లో ఏర్పడిన తెలంగాణ రాష్ట్రానికి సముద్ర తీరం లేదు. అయితే నేల, నీరు, ఇసుక, చేప, అడవి, వాటిపై ఆధారపడిన జనజీవనం ఒకే చోట కలిసే ప్రదేశాన్ని తీరమని భావించినపుడు, కృష్ణా, తుంగభద్ర నదుల వెంబడి విస్తరించిన జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలు నిస్సందేహంగా తీర జిల్లాలే. సముద్ర తీరాన్ని ఒకే యూనిట్‌గా పరిగణించి కాపాడేందుకు దేశంలో ప్రత్యేక నిబంధనావళి ఉంది. నదీ తీరానికి అటువంటి ఏర్పాటు లేదు. ఇక్కడి వనరులు వేర్వేరు శాఖల పరిధిలో ఉండగా, ఒక వనరుపై తీసుకునే నిర్ణయం మిగిలిన వాటిపై ప్రభావం చూపుతోంది. ఈ దృష్ట్యా తీర వనరులను సమగ్రంగా నిర్వహించవలసిన ఆవశ్యకత ఏర్పడింది.

తీర స్వరూపం

మహాబలేశ్వరం వద్ద జన్మించి సుమారు 1,400 కిలోమీటర్లు ప్రయాణించే కృష్ణానది, కర్ణాటకలోని ఆల్మట్టి, నారాయణపూర్ జలాశయాలను దాటి తెలంగాణలో ప్రవేశిస్తుంది. నదిపై తెలంగాణలో మొదటి ప్రాజెక్టు ప్రియదర్శిని జూరాల. ఈ ఆనకట్టకు ఒకవైపు గద్వాల జిల్లా, మరొకవైపు వనపర్తి జిల్లా ఉన్నాయి. జూరాల కాలువల కింద లక్ష ఎకరాలకు పైగా ఆయకట్టు ఉండగా, నెట్టెంపాడు, భీమా, కోయిల్‌సాగర్ ఎత్తిపోతల పథకాలకు సైతం ఈ జలాశయమే ఆధారం.

కృష్ణా, తుంగభద్రల మధ్యనున్న గద్వాల, అలంపురం ప్రాంతాన్ని ప్రజలు నడిగడ్డ అని పిలుస్తారు. అలంపురం సమీపంలోని గొందిమళ్ల వద్ద తుంగభద్ర కృష్ణలో సంగమిస్తుంది. అక్కడి నుండి శ్రీశైలం జలాశయ ప్రభావిత ప్రాంతం విస్తరిస్తుంది. నాగర్‌కర్నూల్ జిల్లాలోని కొల్లాపూర్, సోమశిల, అమరగిరి మీదుగా నల్లమల కొండల నడుమకు నది చేరుకుంటుంది. 2016 అక్టోబరు 11న పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లా పునర్వ్యవస్థీకరణతో ఈ తీరం మూడు కొత్త జిల్లాల పాలనలోకి వచ్చింది. ఆవలి ఒడ్డున ఆంధ్రప్రదేశ్‌కు చెందిన కర్నూలు, నంద్యాల జిల్లాలు ఉన్నాయి. నది ఒకటే అయినా పాలనా సరిహద్దులు అనేకం.

చట్టాల పరిధిలో ఖాళీ

సముద్ర తీర రక్షణకు కేంద్ర ప్రభుత్వం 1991లో తొలిసారిగా తీర ప్రాంత నియంత్రణ మండలి ప్రకటన జారీ చేసింది. దాని స్థానంలో 2011లోను, తిరిగి 2019లోను కొత్త ప్రకటనలు వెలువడ్డాయి. ఇవి సముద్ర తీరానికి, సముద్రపు పోటు ప్రభావం ఉన్న నదీముఖాలకు, కయ్యలకు మాత్రమే వర్తిస్తాయి. సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలోని జూరాల, సోమశిల తీరాలకు వీటితో సంబంధం లేదు.

చిత్తడి నేలల పరిరక్షణ, నిర్వహణ నిబంధనలు 2017లో అమలులోకి వచ్చాయి. అయితే నదీ ప్రవాహ మార్గాలను, వరిపొలాలను, తాగునీరు, సాగునీటి అవసరాలకు నిర్మించిన జలాశయాలను, చెరువులను ఆ నిబంధనల నిర్వచనం నుండి మినహాయించారు. ఫలితంగా జూరాల, శ్రీశైలం జలాశయాల ఒడ్డు ఆ పరిధిలోకి కూడా రావడం లేదు. తీరంలో అభయారణ్యంగా ప్రకటించిన భాగానికి మాత్రం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ కల్పిస్తోంది.

మిగిలిన తీరంలో నీరు నీటిపారుదల శాఖకు, ఇసుక గనుల శాఖకు, చేపలు మత్స్యశాఖకు, ఒడ్డున ఉన్న భూమి రెవెన్యూ శాఖకు చెందుతాయి. ప్రతి శాఖకు తనదైన చట్టం, తనదైన లక్ష్యం ఉన్నాయి. తీరాన్ని మొత్తంగా చూసే బాధ్యత మాత్రం ప్రత్యేకంగా ఎవరికీ అప్పగించలేదు.

పూడిక – తరుగుతున్న నిల్వ

తీర నిర్వహణలో లోపం ఎంతటి మూల్యానికి దారితీస్తుందో పూడిక గణాంకాలు తెలియజేస్తాయి. శ్రీశైలం జలాశయ పూర్తిస్థాయి నీటిమట్టం 885 అడుగులు. ఆ మట్టం వద్ద తొలినాటి నిల్వ సామర్థ్యం సుమారు 308 టీఎంసీలు కాగా, ప్రస్తుతం పరిగణిస్తున్నది 215.81 టీఎంసీలు మాత్రమే. అంటే సుమారు 92 టీఎంసీల నిల్వ స్థలాన్ని ఒండ్రు ఆక్రమించింది. జూరాల జలాశయం సామర్థ్యం సైతం 11.94 టీఎంసీల నుండి 9.657 టీఎంసీలకు తగ్గింది. మరో విధంగా చెప్పాలంటే, శ్రీశైలంలో పూడికకు కోల్పోయిన స్థలం తొమ్మిది జూరాల జలాశయాలకు పైగా ఉంటుంది.

వేగంగా ప్రవహించే వరద నీరు జలాశయం చేరగానే నెమ్మదిస్తుంది. బరువైన ఇసుక, గులకరాళ్లు జలాశయపు మొదటి భాగంలోనే నిలిచిపోతాయి. సన్నని మట్టి మాత్రమే ఆనకట్ట వైపు సాగుతుంది. శ్రీశైలం జలాశయానికి మొదటి భాగం ఈ మూడు జిల్లాల తీరమే. పరీవాహక ప్రాంతంలో చెట్లు తగ్గి, వాలు భూములు కోతకు గురయ్యే కొద్దీ ఒండ్రు రాక పెరుగుతుంది. కావున గట్లపై పచ్చదనం పెంపు, వాగుల వెంట చెక్‌డ్యాంలు, వాటర్‌షెడ్ పనులు కేవలం వ్యవసాయ కార్యక్రమాలు కావు; అవి జలాశయాల ఆయుష్షును నిర్ణయించే పనులు.

ఈ ఒండ్రుకు సముద్ర తీరంతోను సంబంధం ఉంది. డెల్టాలు నదులు తెచ్చే మట్టితోనే ఏర్పడతాయి. నదిపై వరుసగా నిర్మించిన జలాశయాలలో మట్టి నిలిచిపోవడంతో హంసలదీవి పరిసరాలలోని కృష్ణా ముఖద్వారానికి చేరే ఒండ్రు గణనీయంగా తగ్గింది. కృష్ణా, గోదావరి డెల్టా తీరాలు పలుచోట్ల కోతకు గురవుతున్నట్లు ఆంధ్ర విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు ఉపగ్రహ చిత్రాల అధ్యయనంతో వెల్లడించారు. ఎగువన జలాశయాన్ని పూడ్చుతున్న మట్టే, దిగువన తీరానికి కరువైన మట్టి.

ఇసుక – నది దాచుకున్న నీరు

తుంగభద్ర ఇసుకకు రాజోలి, అలంపురం ప్రాంతాలలో నిర్మాణ రంగం నుండి గిరాకీ అధికం. నదిలోని ఇసుక పొర నిర్మాణ సామగ్రి మాత్రమే కాదు. వర్షాకాలపు నీటిని తనలో నిలుపుకొని, వేసవిలో ఒడ్డు గ్రామాల బావులకు, బోర్లకు ఊట అందించేది అదే. పరిమితికి మించి తవ్వినచోట నదీగర్భం లోతుకు దిగి, చుట్టుపక్కల భూగర్భ జలమట్టం పడిపోతుంది. వంతెనల పునాదులు, నీటి పథకాల ఊటబావులు దెబ్బతింటాయి.

2002 నాటి నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం (వాల్టా) ఇసుక తవ్వకాలను నియంత్రించే అధికారాన్ని యంత్రాంగానికి కల్పించింది. చిన్న విస్తీర్ణంలోని తవ్వకాలకు సైతం పర్యావరణ అనుమతి తప్పనిసరి అని 2012 ఫిబ్రవరిలో దీపక్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. అనంతరం కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ 2016లో సుస్థిర ఇసుక తవ్వకాల మార్గదర్శకాలను, 2020లో అమలు, పర్యవేక్షణ మార్గదర్శకాలను విడుదల చేసింది. ప్రతి జిల్లాకు సర్వే నివేదిక రూపొందించడం, వరద ద్వారా ఏటా తిరిగి చేరే ఇసుక పరిమాణాన్ని అంచనా వేసి ఆ మేరకే తవ్వకాలను అనుమతించడం వీటిలోని ప్రధానాంశాలు. తుంగభద్ర ఇసుకకు గద్వాల, కర్నూలు జిల్లాలు రెండూ హక్కుదారులైనందున, రెండు ఒడ్డుల లెక్కలను కలిపి చూడనిదే ఈ అంచనా సంపూర్ణం కాదు.

మత్స్య సంపద – అలివి వలల ముప్పు

జూరాల, శ్రీశైలం జలాశయాలు వేలాది మత్స్యకార కుటుంబాలకు జీవనాధారం. బొచ్చె, రోహు, మృగాల వంటి చేపలు నిలువ నీటిలో గుడ్లు పెట్టవు. తొలకరి వరదలకు ప్రవాహానికి ఎదురీది, పారే నీటిలో సంతానోత్పత్తి చేస్తాయి. ఆ సమయంలో వేటను అదుపు చేయనిచో మరుసటి ఏడాది దిగుబడి పడిపోతుంది.

తెలంగాణ ప్రభుత్వం 2016 నుండి జలాశయాలు, చెరువులలో ఉచిత చేపపిల్లల పంపిణీ చేపట్టింది. కాగా, కొల్లాపూర్, సోమశిల ప్రాంతాలలో సన్నని కన్నులు గల అలివి వలలతో ఇతర ప్రాంతాల వారు పెద్దఎత్తున వేట సాగిస్తున్నారని స్థానిక మత్స్యకారులు పలుమార్లు ఆందోళన వ్యక్తం చేశారు. ఈ వలలో పెద్ద చేపతో పాటు వేలెడంత పిల్ల కూడా చిక్కుతుంది. ప్రజాధనంతో వదిలిన చేపపిల్ల ఎదగకముందే ఎండుచేపగా సంతకు చేరితే, పుట్టిపై చిన్న వలతో వేటాడే స్థానిక మత్స్యకారునికి మిగిలేదేమీ ఉండదు.

ఈ విషయంలో సముద్ర తీర అనుభవం ఉపకరిస్తుంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజుల పాటు యాంత్రిక పడవల వేటను నిషేధిస్తున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో ఆ కాలానికి మత్స్యకార కుటుంబాలకు జీవనభృతి కూడా చెల్లిస్తున్నారు. జలాశయాలలో సైతం వేట విరామం, వల కన్ను పరిమాణంపై నియమం రెండు ఒడ్డులలో ఒకే విధంగా అమలైనప్పుడే ఫలితం ఉంటుంది. ఒక ఒడ్డున నిషేధించిన వల మరో ఒడ్డు నుండి నీటిలోకి దిగితే నిషేధానికి అర్థం ఉండదు.

నల్లమల – చెంచుల హక్కులు

కొల్లాపూర్ దిగువన కృష్ణకు ఎడమవైపున అమ్రాబాద్ పులుల అభయారణ్యం ఉంది. నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాలలో 2,611 చదరపు కిలోమీటర్లకు పైగా విస్తరించిన ఈ అరణ్యం, రాష్ట్ర విభజనకు ముందు నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యంలో భాగం. కొండవాలులలోని ఈ అడవి మట్టిని పట్టి ఉంచి, వాగులకు నీటి ఊటనిస్తూ జలాశయానికి సహజ రక్షణగా నిలుస్తోంది. మొసళ్లు, నీటికుక్కలు వంటి జలచరాలకు ఈ తీరం ఆవాసం.

ఇక్కడి ఆదిమ గిరిజన తెగ చెంచులు తేనె, జిగురు, చేపల సేకరణపై తరతరాలుగా ఆధారపడి జీవిస్తున్నారు. 2006 నాటి అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తులతో పాటు, జలవనరులలోని చేపలు తదితర ఉత్పత్తులపై కూడా సామూహిక హక్కులను గుర్తించింది. అందువల్ల తీర పరిరక్షణ ప్రణాళికలో చెంచులు లబ్ధిదారులుగానే కాక, చట్టబద్ధమైన భాగస్వాములుగా ఉండవలసి ఉంది. నల్లమలలో యురేనియం తవ్వకాల ప్రతిపాదనను వ్యతిరేకిస్తూ 2019 సెప్టెంబరులో రాష్ట్ర శాసనసభ తీర్మానం చేయడం ఈ అటవీ తీరానికి ప్రజలు ఇచ్చే విలువకు నిదర్శనం.

ముంపు, వరద – తీరవాసుల భద్రత

శ్రీశైలం జలాశయ నిర్మాణంతో నదికి ఇరువైపులా దాదాపు 100 గ్రామాలు ముంపునకు గురయ్యాయి. సోమశిల ఆలయాలను, కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని తరలించి పునర్నిర్మించారు. నిర్వాసిత కుటుంబాలకు ఉద్యోగావకాశం కల్పించేందుకు 1986లో జీవో 98 జారీ అయింది. వేసవిలో నీరు వెనుకకు తగ్గినపుడు బయటపడే భూములలో నేటికీ సాగు జరుగుతోంది. ఆ పొలాలలో వాడే ఎరువులు, పురుగుమందులు తదుపరి వరదకు నేరుగా జలాశయంలో కలుస్తాయి. ఈ సాగును విస్మరించడం కంటే, పంటల ఎంపికపై రైతులకు మార్గదర్శనం చేయడం ప్రయోజనకరం.

2009 అక్టోబరు తొలివారంలో వచ్చిన వరదలు అలంపురం ప్రాంతాన్ని ముంచెత్తాయి. తుంగభద్ర ఒడ్డున ఉన్న రాజోలి తీవ్రంగా నష్టపోయింది. నది విస్తరించే హద్దులను గుర్తించి, ఆ పరిధిలో కొత్త నిర్మాణాలను నివారించడం ఎంత అవసరమో ఆ విపత్తు చాటింది. 2007 జనవరిలో శ్రీశైలం వెనుక జలాలలో పడవ మునిగి 61 మంది మరణించిన దుర్ఘటన జల రవాణా భద్రత ప్రాముఖ్యాన్ని గుర్తుచేస్తుంది. సోమశిల నుండి శ్రీశైలానికి పర్యాటక లాంచీలు నడుస్తున్న నేపథ్యంలో రక్షణ కవచాలు, పరిమిత ప్రయాణికులు, ఒడ్డున వ్యర్థాల నిర్వహణ తీర ప్రణాళికలో అంతర్భాగం కావాలి.

‘సముద్రాలు’ నేర్పిన పాఠం

వనపర్తి సంస్థానాధీశుల కాలం నాటి పెద్ద చెరువులకు సముద్రాలనే పేరు. శ్రీరంగాపురం వద్ద రంగసముద్రం, కానాయపల్లి వద్ద శంకరసముద్రం వీటిలో ప్రసిద్ధమైనవి. ఇవి తదనంతర కాలంలో భీమా ఎత్తిపోతల పథకంలో భాగమయ్యాయి. పూర్వం చెరువు కట్ట, తూము, అలుగు, శిఖం భూమి, పూడికమట్టి అన్నింటినీ ఊరు ఒకే వ్యవస్థగా చూసుకునేది. వేసవిలో తీసిన పూడిక పొలానికి ఎరువయ్యేది. చెరువుకు లోతు దక్కేది. 2015లో ప్రారంభమైన మిషన్ కాకతీయ కార్యక్రమం ఈ సంప్రదాయాన్నే విస్తృత స్థాయిలో పునరుద్ధరించింది. చెరువుకు వర్తించిన ఈ సమగ్ర దృష్టి నదీ తీరానికి కూడా వర్తిస్తుంది.

సమన్వయమే మార్గం

ఇందుకు కొత్త చట్టం కోసం వేచి ఉండనవసరం లేదు. ఇసుక సర్వే నివేదికలు, అటవీ హక్కుల జిల్లా కమిటీలు, విపత్తు నిర్వహణ ప్రణాళికలు జిల్లా కలెక్టర్ల పర్యవేక్షణలోనే ఉన్నాయి. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థ జీవవైవిధ్య యాజమాన్య కమిటీని ఏర్పాటు చేసి, ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు రూపొందించాలి. ఈ సమాచారాన్ని ఒకచోట చేర్చి, మూడు జిల్లాలకు ఉమ్మడిగా ఒక తీర పటాన్ని సిద్ధం చేయడం తొలి మెట్టు. వరద హద్దులు, ఇసుక రేవులు, చేపలు గుడ్లు పెట్టే మడుగులు, మొసళ్ల ఆవాసాలు, తాగునీటి పథకాలు, పడవ రేవులు అందులో స్పష్టంగా గుర్తించాలి. రెండవది, శాఖలన్నింటికీ వర్తించే ఉమ్మడి కాలపట్టిక. ఇసుక తవ్వకాల విరామం, చేపల వేట విరామం, చేపపిల్లల విడుదల, జలాశయ నీటిమట్టాల నిర్ణయం ఒకదానికొకటి అనుగుణంగా ఉండాలి.

మూడవది, ఆవలి ఒడ్డుతో సంప్రదింపులు. 2014 నాటి రాష్ట్ర పునర్వ్యవస్థీకరణ చట్టం కింద ఏర్పడిన కృష్ణా నదీ యాజమాన్య బోర్డు దృష్టి ప్రధానంగా నీటి పంపకాలపై ఉంది. ఇసుక, చేపలు, పడవల భద్రత వంటి అంశాలపై సరిహద్దు జిల్లాల అధికారులు వరదకాలానికి ముందు, తరువాత సమావేశమై ఉమ్మడి నిర్ణయాలు తీసుకోవడం ద్వారా అనేక వివాదాలు తొలగుతాయి.

నీటి వాటాలపై రాష్ట్రాల మధ్య భిన్నాభిప్రాయాలు ఎన్ని ఉన్నప్పటికీ, పూడికతో తరిగిన నిల్వ, అలివి వలకు చిక్కిన చేపపిల్ల, తవ్వి తీసిన ఇసుక ఏ రాష్ట్రానికీ తిరిగి దక్కవు. తీరాన్ని ఒకటిగా చూసినప్పుడే అందులోని ప్రతి వనరు రాబోయే తరాలకు మిగులుతుంది.