ఆటోమేటిక్ రిపోర్ట్‌లో టోటల్ రో: ఫోన్‌లో తెరిస్తే సున్నా ఎందుకు?

ఈ రోజు ఎపిసోడ్ మొత్తం ఒక్క వరుస గురించే. ఎక్సెల్ రిపోర్ట్‌లో ఉండే టోటల్ రో. "దీనికి కూడా ఒక వీడియోనా బ్రో?" అనుకుంటున్నారేమో. చేత్తో చేసుకునే షీట్ అయితే నిజంగానే అక్కర్లేదు, ఆటోసమ్ నొక్కితే పనైపోతుంది. కానీ రోజూ పొద్దున్నే ప్రోగ్రామే తయారుచేసి, ప్రోగ్రామే పంపించేసే రిపోర్ట్ సంగతి వేరు. మధ్యలో దాన్ని ఏ మనిషీ చూడడు. అందుకున్నవాళ్ళు కూడా వరుసలన్నీ చదవరు, టోటల్ చూసి డబ్బులు లెక్కేసేస్తారు.

ఉదాహరణకి ఒక ఊరి పాల కేంద్రం అనుకుందాం. పొద్దున 30 మంది పాలు పోశారు. షీట్‌లో మొదటి వరుస హెడింగ్‌లు: పేరు, లీటర్లు, ఫ్యాట్ శాతం, రూపాయలు. 2 నుంచి 31 దాకా డేటా. 32వ వరుసలో టోటల్. ఈ ఫైల్‌ని పైథాన్ ప్రోగ్రామ్ తయారుచేసి వాట్సాప్‌లో పంపిస్తుంది. ఇందులో తప్పు ఎక్కడెక్కడ దూరుతుందో ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటిది, ఆ సున్నా. టోటల్ సెల్‌లో మనం సమ్ ఫార్ములా రాస్తాం. కంప్యూటర్‌లో ఎక్సెల్‌తో తెరిస్తే బ్రహ్మాండంగా వస్తుంది. అదే ఫైల్ కొన్ని ఫోన్ యాప్‌లలో తెరిస్తే 0 అని ఉంటుంది, లేదా ఖాళీగా ఉంటుంది. ఎందుకంటే ఎక్సెల్ ఫైల్‌లో ప్రతి ఫార్ములా పక్కన దాని జవాబు కూడా దాచి ఉంటుంది. ఎక్సెల్ సేవ్ చేస్తే ఆ జవాబు సరిగ్గా ఉంటుంది. పైథాన్ లైబ్రరీలు లెక్క కట్టవు, ఫార్ములాని అక్షరాల్లా రాసేస్తాయి అంతే. ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్‌రైటర్ అయితే జవాబు స్థానంలో 0 పెట్టి, తెరిచినప్పుడు మళ్ళీ లెక్కించమని ఎక్సెల్‌కి చెప్తుంది. ఓపెన్‌పైఎక్స్‌ఎల్ అయితే జవాబే పెట్టదు. లెక్క కట్టలేని ప్రివ్యూ యాప్ పాపం ఏం చేస్తుంది? ఉన్నదే చూపిస్తుంది.

దీనికి మందు సులువే. టోటల్‌ని ముందు ప్రోగ్రామ్‌లోనే లెక్క కట్టండి. ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్‌రైటర్‌లో ఫార్ములా రాసేటప్పుడు ఆ జవాబుని కూడా ఇవ్వొచ్చు. ఓపెన్‌పైఎక్స్‌ఎల్ వాడుతుంటే, ఫోన్‌లో చూసే రిపోర్ట్‌లకి ఫార్ములా వదిలేసి నేరుగా అంకె రాసేయండి.

రెండోది, రేంజ్. 2 నుంచి 31 అని కోడ్‌లో గట్టిగా రాసేశారనుకోండి. రేపు 34 మంది పాలు పోస్తే టోటల్ వెళ్ళి డేటా మధ్యలో కూర్చుంటుంది. కాబట్టి వరుసలు లెక్కపెట్టి, చివరి వరుస నంబర్ తీసుకోవాలి. ఇది అందరూ చేస్తారు. మర్చిపోయేది ఒకటుంది: ఎవరూ పాలు పోయని రోజు. డేటా సున్నా వరుసలు. అప్పుడు ఫార్ములా 2 నుంచి 1 దాకా అని తయారవుతుంది. ఎక్సెల్ దాన్ని తిరగేసి 1 నుంచి 2 అని చదువుకుంటుంది. టోటల్ ఉన్నది 2వ వరుసలోనే కదా! తనని తానే కూడుకోవాలని చూస్తుంది, సర్క్యులర్ రిఫరెన్స్ ఎర్రర్ వస్తుంది. డేటా లేకపోతే నేరుగా 0 రాయమని ముందే ఒక ఇఫ్ పెట్టుకోండి.

మూడోది, అంకెలా కనిపించే టెక్స్ట్. ఫోన్ ఫారమ్ నుంచో, సీఎస్‌వీ నుంచో వచ్చిన 12 ఒక్కోసారి అంకె కాదు, అక్షరాలు. ఎక్సెల్ సమ్ అలాంటి సెల్‌ని చప్పుడు చేయకుండా దాటేస్తుంది. ఎర్రర్ రాదు, ఒక రైతు పాలు లెక్కలోంచి మాయమవుతాయి. పాండాస్‌లో ఇంకా విచిత్రం. 12, 8 రెండూ టెక్స్ట్ అయితే కూడిక 20 రాదు, పక్కపక్కన అతికించి 128 ఇస్తుంది. అందుకే ముందు అంకెలుగా మార్చండి. మారనివి ఖాళీ అయిపోతే పాండాస్ వాటినీ వదిలేసి కూడుతుంది, కాబట్టి ఎన్ని మారలేదో లెక్కపెట్టండి. ఒక్కటి ఉన్నా రిపోర్ట్ ఆపేయాలి.

నాలుగోది, ప్రతి కాలమ్‌నీ కూడకూడదు. లీటర్లు కూడొచ్చు, రూపాయలు కూడొచ్చు. ఫ్యాట్ శాతాన్ని కూడితే అర్థమే లేదు. పోనీ సగటు తీద్దామా? గేదె పాలు 10 లీటర్లు, 6 శాతం. ఆవు పాలు 90 లీటర్లు, 4 శాతం. మామూలు సగటు 5 వస్తుంది. కానీ క్యాన్‌లో కలిపిన పాలలో ఉండేది 4.2 శాతమే. లీటర్లతో గుణించి, కూడి, మొత్తం లీటర్లతో భాగించాలి. ఆ 0.8 తేడాతో రేటు కట్టారంటే ఎవరో ఒకరు నష్టపోతారు.

ఐదోది, ఫిల్టర్. ఎవరో ఒక పేరు ఫిల్టర్ చేసి చూసినా సమ్ మాత్రం అందరిదీ చూపిస్తుంది. కనిపించే వరుసల టోటల్ కావాలంటే సబ్‌టోటల్ వాడాలి. అందులో 9 అని ఇస్తే ఫిల్టర్‌లో పోయినవి వదిలేస్తుంది. 109 అని ఇస్తే చేత్తో హైడ్ చేసినవి కూడా వదిలేస్తుంది. నేనైతే రెండు వరుసలు పెట్టమంటాను: "మొత్తం" అని ఒకటి, "కనిపిస్తున్నవి" అని ఒకటి. అప్పుడు ఫిల్టర్ తీయడం మర్చిపోయినా ఎవరికీ తక్కువ డబ్బులు వెళ్ళవు.

ఇక ఆఖరిది, డబుల్ లెక్క. నెలాఖరుకి రోజువారీ ఫైళ్ళన్నీ కలిపి పివట్ వేస్తారు. ఒక్కో ఫైల్ కింద ఉన్న టోటల్ కూడా డేటాలో కలిసిపోతుంది. 240 లీటర్లు కాస్తా 480 అవుతాయి. అందుకే టోటల్‌ని డేటా కింద అతికించకండి. పైన పెట్టి, హెడింగ్‌తో సహా ఫ్రీజ్ చేయండి. ఫోన్‌లో కిందిదాకా స్క్రోల్ చేసే బాధ కూడా తప్పుతుంది. కలిపే ప్రోగ్రామ్‌కి మాత్రం డేటా ఏ వరుస నుంచి మొదలవుతుందో చెప్పాలి.

చివరగా, పంపే ముందు ప్రోగ్రామ్‌తోనే ఒక తనిఖీ చేయించండి. డేటాబేస్ నుంచి విడిగా మొత్తం లీటర్లు, ఎంతమంది పోశారో తెప్పించి షీట్‌తో పోల్చమనండి. రెండూ కలిస్తేనే ఫైల్ బయటికి వెళ్ళాలి. కలవకపోతే మీకు ఒక మెసేజ్ రావాలి. టోటల్ పక్కన "30 మంది" అని కూడా రాయించండి. పాల కేంద్రంలో కూర్చున్న మనిషి లీటర్లు సరిచూడలేకపోవచ్చు, కానీ పొద్దున ఎంతమంది వచ్చారో ఆయనకి తెలుసు.

ఈ రోజే మీ రిపోర్ట్‌ని మూడు రకాలుగా నడిపి చూడండి: డేటా లేకుండా, ఒకే వరుసతో, ఒక టెక్స్ట్ అంకెతో. తర్వాత ఆ ఫైల్‌ని మీ ఫోన్‌కి పంపుకుని తెరవండి. అక్కడ టోటల్ సరిగ్గా కనిపిస్తే సరే, సున్నా కనిపిస్తే ఏం చేయాలో ఇప్పుడు మీకు తెలుసు. తర్వాతి ఎపిసోడ్‌లో కలుద్దాం, బై.