మోకాలి దెబ్బ: నొప్పి తగ్గితే గాయం మానినట్లేనా?

పండుగ దినాలలో మన నల్లగొండ, పాలమూరు పల్లెలలో కబడ్డీ పోటీలు జరుగుతుంటాయి. కూతకు వెళ్ళిన పిల్లవాడు, పాదం నేలలో నాటుకొని ఉండగానే దేహాన్ని గిరుక్కున తిప్పుతాడు. మోకాలిలో ‘టప్’మని శబ్దం. పది దినాలు కట్టు, నూనె మర్దన. నొప్పి తగ్గుతుంది, మరల ఆటకు దిగుతాడు. ఈసారి మోకాలు పట్టుతప్పి కూలబడతాడు. ఇట్టి యువకులు నా వద్దకు చాలవరకు రెండవ దెబ్బ తరువాతనే వస్తారు.

తొడ, పిక్క కలిసే చోటనున్న జానువును సుశ్రుతాచార్యులు 107 మర్మాలలో ఒకటిగా చెప్పి, వైకల్యకర మర్మాలలో చేర్చారు. అక్కడ గాయమైతే కుంటితనం ప్రాప్తిస్తుందని హెచ్చరించారు. కనుక చికిత్సకు ముందు ప్రశ్న, దర్శనం, స్పర్శనం అనే త్రివిధ పరీక్ష జరుగవలెను.

ప్రశ్న: దెబ్బ ఎట్లు తగిలింది? వాపు ఎంతసేపటికి వచ్చింది? శబ్దం వినిపించి, రెండు మూడు గంటలలోనే మోకాలు ఉబ్బితే లోపల రక్తం చేరినదని, ముందరి క్రూసియేట్ లిగమెంటు తెగి ఉండవచ్చునని అనుమానించవలెను. కాలి ఎముక ముందుకు జారకుండ పట్టి ఉంచే పగ్గం అది. వాపు మరునాటికి మెల్లగా వచ్చి, మోకాలు మడిచి చాచునపుడు కీలు పట్టివేస్తే, ఎముకల నడుమ మెత్తవలె ఉండే నెలవంక ఆకారపు మెనిస్కస్ చిరిగి ఉండవచ్చును. వెలుపలి ప్రక్కనుండి ఎవరైనా మోకాలిపై పడితే లోపలి ప్రక్క లిగమెంటు దెబ్బతింటుంది.

దర్శనం: రెండు మోకాళ్ళనూ ప్రక్కప్రక్కన ఉంచి చూడవలెను. చిప్ప తన చోటనే ఉన్నదా? తొడ కండరం సన్నబడినదా? ఫ్లోరైడు నీటితో పెరిగినవారిలో కనిపించే వంకర మోకాళ్ళను ఆటలోని దెబ్బగా పొరబడకూడదు.

స్పర్శనం: మొదట మంచి కాలిని, పిదప గాయపడిన కాలిని పరీక్షించవలెను. మోకాలిని కొద్దిగా వంచి, ఒక చేత తొడను పట్టి, రెండవ చేత పిక్కను ముందుకు లాగి చూచుట లాక్‌మన్ పరీక్ష. మంచి కాలికంటె ఎక్కువగా జారితే లిగమెంటు తెగినట్లే భావిస్తారు. ఇది అనుభవజ్ఞుడైన వైద్యుడు చేయవలసినదే గాని ఇంటిలో ప్రయత్నించరాదు.

నాలుగు అడుగులు వేయలేకపోయినా, మోకాలు 90 డిగ్రీలు వంగకపోయినా, చిప్పను తాకితే నొప్పి ఉన్నా ఎక్స్‌రే తీయించవలెను. ఎక్స్‌రేలో ఎముకలే కనిపిస్తాయి, లిగమెంట్లు కనిపించవు. వాటికి ఎమ్మారై అవసరం. పాదం చల్లబడినా, తిమ్మిరెక్కినా, చిప్ప తప్పినా ఆలస్యం చేయక పెద్ద ఆసుపత్రికి వెళ్ళవలెను.

మొదటి రెండు మూడు దినాలు మర్దన, కాపడం, లాగి సరిచేయుట కూడదు. మంచుముక్కలను బట్టలో చుట్టి 15 నిమిషాలు ఉంచి, కాలిని ఎత్తున పెట్టవలెను. వాపు, వేడి తగ్గి, వైద్యుడు పరీక్షించిన పిమ్మట వావిలాకు కాపడం, మహానారాయణ తైలం ఉపశమనం కలిగిస్తాయి. అయితే పూర్తిగా తెగిన లిగమెంటును ఏ తైలమూ అతికించలేదు. ఈ మాట చెప్పుటకు వైద్యుడు సిగ్గుపడనక్కరలేదు.

దెబ్బ తగిలినంతనే ఆట ముగిసినదని దిగులుపడనక్కరలేదు. మన పుల్లెల గోపీచంద్ 1994లో మోకాలికి తీవ్రగాయమై, శస్త్రచికిత్సలు చేయించుకొని, 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ విజేత అయినారు. ఆ నడుమ గడచిన ఏండ్లలోని ఓర్పును మన పిల్లలు గమనించవలెను.

వాపు లేకుండుట, మోకాలు పూర్తిగా వంగి చాచుకొనుట, ఒంటికాలిపై గెంతితే రెండు కాళ్ళకూ సమానమైన బలం ఉండుట: ఈ మూడూ కుదిరి, వైద్యుడు అనుమతించిన పిదపనే ఆటకు దిగవలెను. లిగమెంటుకు శస్త్రచికిత్స జరిగినవారు కనీసం 9 నెలలు ఆగుట మేలు. నొప్పి తగ్గుట మొదటి మెట్టు మాత్రమే.